గురువారం ఇస్తామన్న కిల్టు

కార్డు మీద రాసింది ఇంతే:
శనివారం సాయంత్రం ఆరింటికి, జాలర్ల హాలు,
బంగాళాదుంప సూపు, రొట్టె,
రెస్క్యూ బోటు కొత్త ఇంజనుకి చందాలు.
ఏం కట్టుకు రావాలో రాయలేదు.

అక్కడే వచ్చింది చిక్కు.

ఇష్బెల్‌కి ఫోను చేశాను. మా మేనత్త కూతురు,
ఈ రేవులో ఏ మర్యాదకైనా ఆవిడదే ఆఖరి మాట.
"కిల్టా? పెళ్ళికి కట్టు, శవం వెంట కట్టు,
కొత్త సంవత్సరం అర్ధరాత్రి కట్టు.
సూపు తాగడానికి ఎనిమిది గజాల ఉన్నా, మర్డో?
ఇచ్చేది ఇరవై పౌండ్లు, చుట్టుకునేది ఆరువందలు.
చందా ఇచ్చేవాడు
డబ్బా కంటే ఎక్కువ మెరవకూడదు."
మాట సబబుగానే ఉంది.
పెట్టేశాక కూడా చాలాసేపు
ఫోను చేతిలోనే ఉండిపోయింది.

మాంసం కొట్టు గిల్‌క్రిస్ట్ అయితే
కత్తి తుడుచుకుంటూ నవ్వాడు.
ఊరందరిదీ ఒక దారి,
ఉలిపికట్టెవి నువ్వు, అన్నట్టు నవ్వాడు.

పెట్టె తీశాను.
కలరా ఉండల వాసన ముందొచ్చింది, తర్వాత గళ్ళు.
ముదురాకుపచ్చ, నీలం, మధ్యలో సన్నటి పసుపు గీత,
పళ్ళేనికి అంటుకున్న గుడ్డు సొనలా.
వెనక కుచ్చిళ్ళు ఒక్కటీ చెదరలేదు.
ముందు వేలాడే బొచ్చుసంచిని మాత్రం
చిమ్మెటలు సగం తినేశాయి.
పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టంటారే,
నాది ముసలి పిల్లి, నడుముకి కట్టిన పిల్లి.
అద్దంలోంచి నా మోకాళ్ళు
అద్దెకొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాయి నన్ను.

వెళ్ళాను.

హాలంతా స్వెట్టర్లు, రబ్బరు బూట్లు.
తలుపు తోయగానే గరిటె చప్పుడు ఆగింది.
నలభై తలలు. లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నా.
ఇష్బెల్ రొట్టె కోస్తూ
నన్ను కాక కత్తిని చూసింది.
వెనక్కి తిరిగేవాణ్ణే,
వంటగదిలోంచి ఎఫీ కేకేసింది:
"ఎలాగూ ముస్తాబై వచ్చావు,
ఆ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడు.
స్తంభంలా. పనికొస్తావు."

స్తంభంలా నిలబడ్డాను.
ఎర్రజుట్టు కుర్రాడొకడు, ఏడేళ్ళుంటాయేమో,
"లోపల ఏముంటుంది?" అన్నాడు.
"పౌండు వెయ్యి, చెప్తా."
వేశాడు. వాళ్ళమ్మ కందిపోయింది.
"మోకాళ్ళు," అన్నాను.
మోసం మోసం అని అరుస్తూ పోయి
వాళ్ళ తాతని లాక్కొచ్చాడు.
తాత ఐదు వేశాడు. జవాబు అదే.
ఆ తర్వాత వరస కట్టారు,
జవాబు తెలిసినవాళ్ళు కూడా.
ఎనిమిదిన్నరకి డబ్బా ఊపితే
మోగడం మానేసింది.

గిల్‌క్రిస్ట్ వచ్చాడు. నవ్వలేదు ఈసారి.
"నడుము దగ్గర ఏదో చీటీ, మర్డో.
తియ్యలేదా?"

తియ్యలేదు. పద్నాలుగేళ్ళుగా తియ్యలేదు.
ఈ కిల్టు నాది కాదు, రానల్డ్‌ది, తమ్ముడిది.
నవంబరు గాలిలో ఈ బోటే వెళ్ళింది వాడికోసం.
రెండు రాత్రులు తిరిగింది,
మూడోనాడు తెచ్చింది.
బుధవారం పూడ్చాం, అరువు సూటులో.
కిల్టేమో డ్రైక్లీనింగులో ఉండిపోయింది.
చీటీ మీద నీలం సిరాతో: గురువారం.

ఇదంతా నేను పైకి అనలేదు.
గిల్‌క్రిస్ట్ ఏం చదివాడో ఏమో,
చీటీని వేలితో మెల్లగా లోపలికి తోసి
సూపు కోసం వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక తొట్టెలో గిన్నెలు మిగిలాయి.
చేతులు మడుచుకుంటుంటే
ఇష్బెల్ ఏప్రాను విసిరింది నా మీదకి.
"ముందు ఇది కట్టుకో.
మురికైతే మళ్ళీ డ్రైక్లీనింగుకివ్వాలి,
వాళ్ళెప్పుడిస్తారో ఏమో."
అని అటు తిరిగి చాలాసేపు
తుడిచిన బల్లనే తుడిచింది.

తగునా తగదా ఆవిడ చెప్పలేదు,
నేను అడగలేదు.
ముందు పూల ఏప్రాను, వెనక తమ్ముడి కుచ్చిళ్ళు.
నలభై గిన్నెలు.
నాదీ కలిపితే నలభై ఒకటి.