అభిప్రాయం

గురువారం గురువారం
ఎండు చేపల కూర, ఉడికిన అరటికాయలు
గిన్నెలో సర్దుకుని బయల్దేరతాను.
బుజుంబురాలో
లోపలున్నవాడి ఆకలి బయటివాళ్ల పూచీ.

మెల్కియోర్ నాకు చుట్టం కాడు.
వాడు రాసేవాడు, నేను ప్రూఫులు దిద్దేదాన్ని.
పంతొమ్మిదేళ్లు వాడి కామాలు ఏరాను,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

వాడి నేరం ఇదీ:
సరస్సు ఒడ్డున చేపల రేవులో
సర్కారు తక్కెడ తూకం మింగుతోందని రాశాడు.
ఊరికే రాయలేదు.
కిలో ఇనుప గుండు ఒకటి సంచిలో వేసుకెళ్లి
జనం చూస్తుండగా తూచాడు.
ఎనిమిది వందల ఎనభై అంది తక్కెడ.
ఆ అంకెను నేనే రెండుసార్లు సరిచూశాను.
తప్పు పోయుంటే
నవ్వి వదిలేసేవాళ్లేమో.

తెల్లవారుజామున వచ్చినవాళ్లు
వాడితోపాటు గుండునూ పట్టుకుపోయారు.
అభియోగపత్రంలో దాని పేరు ‘పరికరం’.
తక్కెడ ఊసు ఎక్కడా లేదు.

ఆ పత్రం నకలు చేతికొచ్చిన రాత్రి
అలవాటు చావక ఎర్ర పెన్ను తీశాను.
వాడి పేరు మూడు చోట్ల మూడు రకాలు.
తేదీ, జూన్ ముప్పై ఒకటి.
‘దేశ భద్రతకు భంగం’ దగ్గర ఆగాను.
అక్షరదోషం లేదు.
పెన్ను మాత్రం అక్కడే నిలబడిపోయి
కాగితం మీద మచ్చ పెట్టింది.

లాయరమ్మ సిదోనీ వేళ్లు మడిచి చెప్పింది:
మాటకు హద్దు గీయొచ్చు, కాదనను.
గీసే ముందు ఆ హద్దు చట్టంలో రాసుండాలి.
నిజంగా అవసరం పడాలి.
ఈగ వాలిందని ఇల్లు తగలబెట్టకూడదు.
పంతొమ్మిదో అధికరణం.
మన దేశమూ సంతకం పెట్టింది, గోదెలీవ్,
పెట్టిన పెన్ను ఎవరి జేబులో ఉందో గానీ.

ఏడో నెలలో జెనీవా నుంచి కాగితాలొచ్చాయి.
అయిదుగురు కూర్చుని, చదివి,
ఇది నిర్హేతుక నిర్బంధం, వెంటనే విడిచిపెట్టండి అన్నారు.
దాన్ని తీర్పు అనరట.
అభిప్రాయం అంటారట.

నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.
అభిప్రాయాలు పక్క పేజీలో వేసుకోండి,
నా దాంట్లో తూకాలే ఉంటాయి
అని పోట్లాడేవాడు వాడు.

మొదటి పేజీ మడిచి
గిన్నె కింద గుడ్డలో పెట్టాను.
గేటు దగ్గర కుర్రాడు, దిస్మాస్,
పుల్లతో చేపలు కెలికి, గుడ్డ విప్పాడు.
పెదాలు కదుపుతూ చదివాడు.
వెనక వరసలో ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది.

‘నిర్హేతుకం అంటే?’
కారణం లేకుండా.
‘కారణం చెప్పారుగా.’
చెప్పారు. తూచలేదు.

కాగితాన్ని నాలుగు మడతలు వేసి
తన జేబులో పెట్టుకున్నాడు.
గిన్నె లోపలికి వెళ్లింది.
వారమంతా నా తలుపు చప్పుడు నేనే విన్నాను.
ఎవరూ రాలేదు.

మళ్లీ గురువారం.
పుస్తకంలో నా పేరు ఎక్కిస్తూ, తలెత్తకుండా,
‘చివరి వాక్యం సగంలో ఆగింది’ అన్నాడు.
‘రెండోది ఏది?’

మొత్తం పద్నాలుగు పేజీలు.
వారానికొకటని లెక్కేసుకునే వచ్చాను.
ఆ లెక్క నచ్చలేదు.
రెండు ఇచ్చాను.