ఎండ తగలని చోటు

పలమనేరులో పద్దెనిమిదేండ్లు తిరిగిన కారు
ముప్పైఎనిమిది వేలకి నాదైంది.
ఎరుపంట, కాగితాల్లో.
మా మురకంబట్టు సందులో దాన్ని చూసినోళ్ళెవరూ
ఎరుపనలేదు.
పక్కింటి కుప్పమ్మత్తయితే
"ఉతికి ఉతికి వెలిసిన లంగా మాదిరుండాదే" అనింది.

ఆదివారం. గుజ్జు ఫ్యాక్టరీకి సెలవు.
ఆరు రోజులు తోతాపురి లెక్కలు రాసిన చేత్తో
రెండు బక్కెట్లు పట్టినా.
ఒకటి నురగకి, ఒకటి జాడించేదానికి.
గోడ దాటి ఎండ రాకముందే కానియ్యాల.
మా బోరు నీళ్ళు
ఆరిన చోటల్లా సున్నపు చుక్క పెట్టి పోతాయి.

అంట్లు తోమే సబ్బు తెస్తే
పెయింటింగ్ షాపు ఇంతియాజ్ బండి దిగకుండానే అరిచినాడు:
"అక్కా, అది గిన్నె కాదు!"
తలకి పోసుకునే షాంపూ చాలన్నాడు,
రూపాయి ప్యాకెట్లు నాలుగు.
పైనుంచి కిందికి కడగాలంట,
టైర్లు తుడిచిన గుడ్డ టాపు మీదికి పోకూడదంట.

తారు మచ్చకి కిరసనాయిలు.
వేపబంకకి కొబ్బరినూనె, పది నిమిషాల ఓపిక.
హెడ్‌లైట్లకి తెల్ల పేస్టు.
పండ్లు తోమనని మొండికేసే పిల్లోడిని
మోకాళ్ళ మధ్య బిగించి తోమినట్టు తోమినా.
అరగంటకి కుడివైపుది కన్ను తెరిచి
నన్నే చూసింది.

ముందద్దం మీద "ప్రెస్" అని ఉండింది.
వేన్నీళ్ళతో నానబెట్టి లాగితే
దాని కింద "అడ్వకేట్".
దాని కింద ఏదో పార్టీ గుర్తు, సగం.
ఎన్ని ఉద్యోగాలు చేసిందమ్మా ఈ కారు,
చలానా తప్పించుకునేదానికి!

"గీతలకి గోరే పరీక్ష.
గోరు జారిపోతే రుద్దు, పోతాది.
గోరు తట్టుకుంటే అదింక నీదే"
అని కాంపౌండు డబ్బా చేతికిచ్చి
టీకి పోయినాడు ఇంతియాజ్.

రుద్దినా. చిన్న చిన్న సుడులుగా,
పెనం మీద దోసె తిప్పినట్టు.
గుడ్డకి ఎరుపు అంటుకునింది.
భయమేసింది.
నేను తుడస్తా ఉండేది మురికినా, కారునా?

డిక్కీ మీద ఆ అక్షరాలు.
స్టిక్కరు ఎప్పుడో ఎవురో పీకేసినారు.
అయినా చదవొచ్చు, "భార్గవి" అని,
కింద గ వత్తు కూడా చెక్కుచెదరకుండా.
రుద్దినా, పోలేదు.
మోచెయ్యి లాగేదాకా రుద్దినా.
చుట్టూ మెరిసేకొద్దీ పేరూ మెరిసింది.

టీ తాగొచ్చినోడు వంగి చూసినాడు.
"అది మరక కాదక్కా.
స్టిక్కరు కింద ఎండ తగల్లేదు.
అదే కంపెనీ రంగు.
మరక పడింది మిగతా కారుకి."

అరచెయ్యి పెట్టి చూసినా.
మొగిలి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగిందో,
ఎన్ని ఎండాకాలాలు బయటే పడుకునిందో.
మూడక్షరాల వెడల్పున మాత్రం
ఈ కారు ఇంకా షోరూములోనే ఉండాది.

ఎవురు భార్గవి?
కూతురో, పెండ్లామో, బట్టలంగడో.
తాళాలిచ్చేటప్పుడు చెంగల్రాయులు
బ్యాటరీ గురించి చెప్పినాడు,
స్టెప్నీ గురించి రెండుసార్లు చెప్పినాడు.
డిక్కీ మీద చెయ్యేసి కాసేపు నిలబడినాడు, అంతే.
నేనూ అడగలేదు.

"స్ప్రే కొట్టేస్తా అక్కా, పదిహేన్నూర్లు."
వద్దన్నా. డబ్బుల్లేవన్నా.
అదీ నిజమే.

మైనం పూసి, మబ్బుగా ఆరనిచ్చి,
పాత బనీను గుడ్డతో తుడిచేటప్పటికి
ఎండ గోడ దిగి బానెట్ మీద కూర్చునింది.
కుప్పమ్మత్త పేలపిండి గిన్నెతో బయటికొచ్చి
"ఓ... ఎరుపే" అనింది.

సోమవారం, గాంధీ బొమ్మ కాడ ఆగినా.
వెనక స్కూటర్ మీద, వాళ్ళ నాయన చేతుల మధ్య
నిలబడిన బడి పిల్ల
నా డిక్కీని కూడబలుక్కుంటా ఉండాది.
అద్దంలో పెదాలు కనపడతా ఉండాయి.
భా...
ర్గ...

వి కాడికి రాకముందే
వెనక లారీ హారన్ కొట్టింది.