ఉప్పు డబ్బా పక్కన

వెనియామిన్ తన గాజుసీసాలు తెచ్చి
నా ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు.
అడవి స్టేషన్‌లో ఇంకో బల్ల లేదు మరి.
నలభై రెండు సీసాలు. ఒక్కోదాంట్లో
ఒక్కో కప్ప రాత్రి భోజనం.

చంపడు. ఆ మాట ముందే చెప్పాలి.
నోట్లోకి సన్నటి గొట్టం, కాసిని చెరువు నీళ్ళు,
కప్ప ఓసారి డోకుతుంది,
అతను రష్యన్‌లో క్షమించమంటాడు.
ఎక్కడ పట్టాడో అక్కడే, ఆ నాచు మీదే వదిలేస్తాడు.

ఇరవై మూడేళ్ళుగా ఇలిచ్ ఏటి ఒడ్డున వండుతున్నాను.
ఎవరెలా తిన్నారో ఎంగిలి పళ్ళెం చూసి చెప్పగలను.
అందుకేనేమో, సాయంత్రాలు అతను భూతద్దం మీద వంగి చెబుతుంటే
పుట్టగొడుగులు తరగడం ఆపి నేనే రాసిపెడతాను.

గడ్డికప్ప: గుల్ల లేని నత్త ఒకటి, సాలీళ్ళు మూడు.
వాడిముక్కు కప్ప: పేడపురుగు రెక్క, దోమలు, ఏదో కాలు.
"ఏదో కాలు అని రాయనా?"
"రాయి, మార్పా. కాలే కదా."
గోదురుకప్ప: చీమలు. చీమలు. మళ్ళీ చీమలు.
నూట పద్దెనిమిది దగ్గర లెక్క ఆపి టీ అడిగాడు.
నాలుగువేళ్ళ సాలమాండర్: వానపాము, సగం.
మిగతా సగం నేల కింద
ఎటో వెళ్ళిపోతూ ఉండి ఉంటుంది.

గాలికి కూలిన ఒక్క ఫర్ మాను కింద
ఇన్ని రకాల కడుపులు.
గట్టు లేదు, హద్దురాయి లేదు.
ఒకడు వాన వెలిశాక వస్తాడు, ఒకడు బాగా చీకటి పడ్డాక.
ఒకడికి ఎగిరేది కావాలి, ఒకడికి పాకేది.
నోరు చిన్నవాడు చిన్నవాటితో సర్దుకుంటాడు.
"చూశావా, పొత్తు ఎంత బాగా కుదిరిందో" అన్నాను.
"పొత్తు కాదు" అన్నాడు వెనియామిన్,
"కరువు ఇంకా రాలేదంతే."

ఆ మాటకి నా చేతిలో కత్తి ఆగింది.

యుద్ధం మూడో ఏట మా అమ్మ వాళ్ళింట్లో
పైన్ బెరడు దంచి రొట్టెపిండిలో కలిపారట.
ఒక కుండ, చుట్టూ ఐదుగురు పిల్లలు.
పెద్ద చెంచా దొరికిన అన్న మీద
మిగిలిన నలుగురికీ
డెబ్భై ఏళ్ళు వచ్చినా కోపం పోలేదు.

కప్ప మింగేటప్పుడు కళ్ళు మూస్తుందట.
గుడ్లు లోపలికి దిగి
ముద్దని గొంతులోకి తోస్తాయట.
మా అమ్మ కూడా చివరిదాకా కళ్ళు మూసుకునే తినేది.
ప్రార్థన అనుకునేదాన్ని.

పదిహేడో సీసాలో ఏమీ లేదు.
మళ్ళీ చూశాడు. సీసా వంచి చూశాడు.
"సున్నా వెయ్యి" అన్నాడు.
సున్నా వేశాను, చిన్నది.
"ఎక్కడ దొరికింది ఇది?"
"నీ గడప ముందే. కట్టెల మోపు దగ్గర.
బక్క వాడిముక్కుది, వెనక కాలి మీద మచ్చ."

ఆగస్టు నెల. తెల్లటి రాత్రులు అయిపోయాయి,
పదింటికే చీకటి, చలి మెల్లగా ఏరు దాటి వస్తోంది.
ఇంకో నెలకి అందరూ మట్టిలోకో నీటి అడుక్కో పోతారు,
లోపల దాచుకున్నదే అప్పటి తిండి.

అతను పడుకున్నాక
లాంతరు తీసుకెళ్ళి కట్టెల మోపు పక్కన, నేల మీద పెట్టాను.
లెక్క చెడుతుందని తెలుసు.
చదువుకున్నవాడి పనిలో వేలు పెట్టకూడదనీ తెలుసు.
రెక్కలు వచ్చి గాజుకి తగిలి కింద పడుతుంటే
కాసేపు నిలబడి విన్నాను.

రెండు రోజుల తర్వాత కొత్త సీసా.
"రాయి" అన్నాడు. "కట్టెల మోపు, కాలి మీద మచ్చ.
చిమ్మటలు, ఆరు."
భూతద్దం మీంచి తలెత్తి నావైపు చూశాడు.
"ఇన్ని ఎక్కడివో, మార్పా?"

రాశాను, ఆరు అని.
ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాను.