తలల లెక్క

చిత్రభాను పెద్దకర్మ ఇంకా కాలేదు.
తంగసాల వీధి ప్రెస్సులో
కన్నయ్య శెట్టి మా ఇద్దరి ముందూ
అరవై మూడో నవల చిత్తుప్రతి పెట్టాడు.
"సుబేదార్ గరుడయ్య ఏట్లోకి దిగి"
అక్కడ ఆగిపోయింది సిరా.
పుస్తకానికి మూడొందలు, ఇద్దరికీ కలిపి.
కవరు మీద పేరు మాత్రం పోయినాయనదే.
"చదివేవాళ్ళకి ఆయన పోలేదు" అన్నాడు శెట్టి,
"పోనివ్వకండి."

దేవసహాయం పెరంబూరు రైల్వే ఆఫీసులో గుమాస్తా.
నేను ఆ ప్రెస్సులోనే ప్రూఫులు దిద్దేదాన్ని.
యుద్ధమంటే మాకు
కిటికీలకి నల్లకాగితాలు అంటించిన సంగతి,
మద్రాసు మద్రాసంతా ఖాళీ అయిన ఒక వేసవి,
అదీ అమ్మావాళ్ళు చెబితే విన్నదే.
ఏరు ఎంత లోతుంటుందో తెలీక
సాయంత్రాలు కూవం వంతెన మీద నిలబడి
ముక్కు మూసుకుని చింద్విన్ రాశాం.
అడవికి గిండీ చాలింది.
ఫిరంగులకి, బేసిన్ బ్రిడ్జి దగ్గర
రాత్రిళ్ళు రైలుపెట్టెలు తగిలించే చప్పుడు.

ఆయన అలవాట్లన్నీ ఓ నోటుబుక్కులో ఎక్కించుకున్నాం.
గరుడయ్య చుట్ట వెలిగించడు, కొరుకుతాడంతే.
తూటా ఎడమ భుజంలో. పద్దెనిమిదో నవల్లో కుడి భుజం,
అది కంపోజిటర్ చలవ.
శత్రువు చచ్చాక పేరడుగుతాడు.
జపానువాడు కూడా పలాస యాసలో తిడతాడు,
ఎందుకని ఏ పాఠకుడూ అడగలేదు.

ఇంకొకటి.
ప్రతి నవల్లోనూ తొంభయ్యో పేజీ అటూ ఇటుగా
ఏదో ఒక ఏరు దాటాక
వెంట వచ్చినవాళ్ళని గట్టున నిలబెట్టి
పేరుపేరునా లెక్కపెడతాడు గరుడయ్య.
ఆఖర్న: "మొత్తం పదకొండు."
పెన్సిలు ఆనించి లెక్కేస్తే పేర్లు పన్నెండు.
ఆయన ఉన్నప్పుడు రెండుసార్లు దిద్దాను,
రెండుసార్లూ కొట్టేసి పంపాడు.
పెద్దాయన మొండితనం అనుకున్నాను.
ఇప్పుడు కొట్టేసేవాళ్ళు లేరు.
పన్నెండు అని దిద్దేశాను. అచ్చయిపోయింది.

దేవసహాయం గరుడయ్యని ఒకచోట ఏడిపించాడు,
దాని గురించి ఒక్క ఉత్తరం రాలేదు.
వచ్చింది మాత్రం పైడమ్మగారు, ఆయన భార్య,
రాయపురం నుంచి బస్సులో,
చీరకొంగులో చుట్టిన పుస్తకంతో.
"మనవడు సదివి ఇనిపించినాడు.
పన్నెండని రాసినావేటమ్మా?"
తప్పు సరిచేశానని చెప్పాను, కాస్త గర్వంగానే.
మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.
"రంగూన్ నించి నడిసొచ్చినాం.
బయల్దేరినోళ్ళం పన్నెండు.
ఏరు దాటినాక ఆయనే లెక్కెట్టినాడు,
పదిహేనేళ్ళోడు.
మళ్ళీ లెక్కెట్టినాడు.
సీకటి పడేదాకా లెక్కెట్టినాడు."
ఎవరని దేవసహాయం అడగబోతే
బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

ఆమె వెళ్ళాక గోడౌన్లోంచి
అరవై రెండు పుస్తకాలూ దింపించాం.
దుమ్ముకి తుమ్ముకుంటూ పేర్లు రాసుకున్నాం.
పదకొండు పేర్లు పుస్తకానికోసారి మారతాయి,
హవల్దార్లు, వంటవాళ్ళు, దారి చూపే నాగాలు.
ఒక్క పేరు మారదు. బుల్లి.
ఆ పేరుకి హోదా లేదు, తుపాకీ లేదు,
కథలో ఒక్క మాటైనా మాట్లాడదు.
ఇన్నేళ్ళూ మేం దాన్ని
సామాను మోసే కంచరగాడిద అనుకున్నాం.

దేవసహాయం కళ్ళజోడు తీసి
చాలాసేపు తుడుచుకున్నాడు.
తర్వాత ఇద్దరం బయటికొచ్చి
మాట్లాడకుండా టీ తాగాం.

అరవై నాలుగో నవల ప్రూఫులు నిన్న వచ్చాయి.
కొత్త కంపోజిటర్ కుర్రాడు తెలివైనవాడు,
తొంభై మూడో పేజీలో
పదకొండుని పన్నెండు చేసి తెచ్చాడు.
కొట్టేసి పంపాను.
మళ్ళీ దిద్ది తెచ్చాడు.
మళ్ళీ కొట్టేశాను.
మొండిది అనుకునుంటాడు.