మొదటి వాక్యం

సుబేదారిల లా చదివిన.
రెండేండ్లు తొడిగిన నల్లకోటు
చంకల కాడ చెమటకు తెల్లబడ్డది.

కొమురవ్వ కేసు కొట్టేసిన రోజు
హన్మకొండ కోర్టు మెట్ల మీద
మా సీనియర్ యాదగిరి సారు
చాయ్ చల్లారబెట్టుకుంట అన్నడు:
"ఇది ఇయ్యాల ఓడలే బిడ్డా,
ఠాణాల రాసిన్నాడే ఓడింది."

ఆమె చెప్పింది
నకిలీ మిరప విత్తనం, మూడెకరాల ఎండిన పూత.
రైటర్ రాసింది
"పైసల విషయమై మాటామాట పెరిగి..."

ఆ రాత్రే ఎస్సై ఫారం నింపిన.
మామునూరు గ్రౌండుల
మోకాళ్లకు మట్టి, నాలుకకు సెక్షన్లు.
"వాదించే నోటికి ఎస్ సార్ ఎట్లొస్తదే?"
అమ్మ నవ్వింది.
వచ్చింది.
మొదట చేదుగ, తర్వాత అలవాటుగ.
ఆ అలవాటుకే ఇప్పుడు జడుస్త.

ఎనుమాముల ఠాణా. రాత్రి పదకొండు.
ఖాళీ సంచులు చంకన పెట్టుకొని ఒక తాత.
తూకంల అర క్వింటా మాయమైందట.
బల్ల మీద ఫోను మోగుతున్నది.
ఎవరిదో నాకు ఎరుకే.

"మొదటికెల్లి చెప్పు తాతా, మెల్లగ.
నీ మాటనే రాస్త."

ఆయన తువ్వాల దులిపిండు.
మిర్చి ఘాటుకు ఇద్దరం తుమ్మినం.
కాగితం ఇంకా తెల్లగనే ఉంది.
ఫోను మళ్ల మోగుతున్నది.