నీలం ట్రే

మేత బస్తా చించి, తెల్లగా ఉన్న లోపలి వైపు
లెక్క రాశాను.
ప్రాసెసరు, పాతది, మూడు వేల రెండొందలు.
బోర్డు, పాలకొల్లులో మూసేసిన నెట్ సెంటరుది,
పదిహేను వందలు, తుప్పుకి వంద తగ్గింపు.
ర్యాము ఒకటే పుల్ల.
గ్రాఫిక్స్ కార్డు దగ్గర పెన్ను ఆగింది.
అక్కడే బస్తాకి చిన్న చిల్లు.

చెరువు కాపలాకి నెలకి పదకొండు వేలు.
అమ్మ చేతిలో ఎనిమిది, కెజియా చదువుకి వెయ్యి,
ఆ మిగిలిందాంట్లోంచి
టీ, బండి పెట్రోలు, వానకి తడిసి చచ్చిపోయిన సెల్లు.
పద్నాలుగు నెలలు పట్టింది.
ఈలోగా మూడు పంటల రొయ్య పట్టుబడికెళ్ళింది,
నా లెక్క మాత్రం చెరువులోనే ఉంది.

"అన్నీ పాతవి కొనుక్కో గానీ
పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడకు" అన్నాడు
ఆకివీడులో సెల్లులు బాగుచేసే జానీబాషా.
"మన కరెంటు సంగతి తెలీదా?
మధ్యాన్నం నూట డెబ్భై, అర్ధరాత్రి రెండొందల అరవై.
చవక డబ్బా పెట్టావంటే
నీ పద్నాలుగు నెలలూ ఒక్క టప్పుమనే చప్పుడు."
అదొక్కటీ కొత్తది కొన్నాను, బిల్లుతో.
ఆ బిల్లు అమ్మ బైబిల్లో దాచింది,
కీర్తనల దగ్గర.

కార్డు భీమవరంలో దొరికింది.
రాజుగారబ్బాయి కొత్తది కొనుక్కుని తీసేసింది.
రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగదు.
"ఒంటెద్దు బండి, అయినా లాగుద్ది" అన్నాడు.
ఏడు వేలు చెప్పాడు. నేను ఆరు మీద నిలబడ్డాను.
గేటు బయట, ఎండలో,
నిజంగానే నిలబడ్డాను.
వాళ్ళమ్మగారు మజ్జిగ పంపించారు,
తాగి పారేసే గ్లాసులో.
నేను పారెయ్యలేదు.
ఇప్పుడు మరలన్నీ అందులోనే ఉంటాయి.

క్యాబినెట్టుకి డబ్బుల్లేవు.
రొయ్యలు తూకం వేసే నీలం ట్రే ఉంది,
చుట్టూ చిల్లులే, గాలి ఆడుద్ది.
మూడుసార్లు సబ్బుతో, ఒకసారి నిమ్మచెక్కతో తోమాను.
వాసన నాకు తెలీదు గానీ పిల్లికి తెలిసింది,
మొదటి మర బిగించకముందే
వచ్చి బోర్డు పక్కన కూర్చుంది.

గట్టు మీద షెడ్డు. రాత్రి పదిన్నర.
స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది.
తెర మీద ఏమీ లేదు.
మళ్ళీ వేశాను. మూడు బీపులు, చీకటి.
అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది.
కెజియా మాత్రం పదో తరగతి డబ్బాలోంచి
పెన్సిలు రబ్బరు తీసి
ర్యాము పుల్ల పళ్ళు రుద్దింది,
అటూ ఇటూ, పలక తుడిచినంత మామూలుగా.
"పెట్టు" అంది.

వెలిగింది.
పాత మానిటరు మీద నిలువునా ఒక పచ్చగీత.
ఎప్పుడూ పోదట.
పోనీలే, వరిగట్టు అనుకుందాం.
ఊరికే దొరికే కార్ల ఆట ఒకటి ఎక్కించాం.
మొదటి మలుపులోనే కారు వంతెన దాటి నీళ్ళలో పడింది.
ఇద్దరం పడీ పడీ నవ్వాం.
రెండోసారి మలుపు తిప్పుతుంటే
కరెంటు పోయింది.

తెర పోయినందుకు కాదు నేను పరిగెత్తింది.
చెరువులో ఏరియేటర్లు ఆగిన ఆ నిశ్శబ్దానికి.
అది విన్న కాపలావాడికి కాళ్ళు ముందు లేస్తాయి,
మనసు తర్వాత.
రెండెకరాల రొయ్య
పావుగంటలో పైకి తేలుద్ది.
జనరేటరు తాడు నాలుగుసార్లు లాగాను,
ఐదోసారికి దగ్గింది.
చక్రాలు నీళ్ళు చిమ్మేదాకా బురదలోనే నిలబడ్డాను.

కరెంటొచ్చి నేను షెడ్డుకొచ్చేసరికి
కెజియా మూడో మలుపు దాటేసింది.
ట్రే వెచ్చగా ఉంది కాబోలు,
పిల్లి దాన్నానుకుని నిద్రపోతోంది.
ఫోను మోగింది. చెరువు యజమాని.
"అన్నీ తిరుగుతున్నాయా?"
నా కళ్ళు కార్డు వైపు పోయాయి.
ఆయ్, ఒకటి తప్ప,
అనబోయి నాలిక్కరుచుకున్నాను.