నల్ల చుక్కల లెక్క

అమలాపురంలో మా గది మేడమీద.
పరగడుపున వచ్చినవాళ్లని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టడం,
పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి
"మింగండి బాబూ, మింగండి, అయిపోయింది" అని
అవ్వకముందే చెప్పడం నా పని.

గొట్టం ముసలిది.
లోపల వేలకొద్దీ గాజు పోగులు,
తలవెంట్రుక కన్నా సన్నం,
ఒక్కోటీ కడుపులోంచి ఒక్క చుక్క వెలుతురు మోసుకొస్తుంది.
పోగు తెగితే బొమ్మలో నల్ల చుక్క.
నేను చేరినప్పుడు పదకొండు.
ఆ వానాకాలానికి ముప్పై తొమ్మిది,
గులాబీ గోడ మీద ఆవాలు చల్లినట్టు.

ఒకరోజు బొమ్మంతా మంచు పట్టింది.
హైదరాబాదు కంపెనీవాడు
పంపించండి, నాలుగు నెలలు, అన్నాడు.
డాక్టరుగారు ఫోను పెట్టేసి
అంతర్వేది పల్లిపాలెంలో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే
గెడ్డం ఇమ్మానుయేలుకి కబురెట్టారు.

రాజోలు బస్సు దిగి వచ్చాడు,
జేబులో టెస్టరు, చేతిలో టిఫిను క్యారేజీ.
ముందు అడిగింది, "పెద్ద బేసినుందామ్మా?"
నీళ్లలో ముంచి, గాలి కొట్టి,
సైకిల్ ట్యూబుకి పంచరు వెతికినట్టు
బుడగ కోసం కూచున్నాడు.
మూడో నిమిషంలో ఒక్కటి లేచింది.
"ఇదిగో, ఇక్కడ ఏడుస్తోంది."

పిడి కింద లోహం మీద పేటెంటు నెంబర్లు, చీమలబారులా.
అయిదేళ్లుగా తుడుస్తున్నాను, ఏనాడూ చదవలేదు.
అతను భూతద్దం పెట్టి పైకి చదివాడు,
సమాధులతోటలో పేర్లు చదివినట్టు, ఆగి ఆగి.
"ఒక్కో నెంబరు వెనక ఒకడు నిద్ర మానేసుంటాడు."

జిగురు ఆరేలోపు తన సంగతి చెప్పాడు.
ఇంజను ఆగిన బోటు దానంతటదే
నిమిషానికోసారి రేడియోలో ఒక్క దెబ్బ కొట్టే పెట్టె.
మాటల్లేవు. ఒట్టి టక్.
మాట బ్యాటరీ తాగేస్తుంది, దెబ్బ తాగదు.
కొబ్బరికాయల లెక్కల పుస్తకంలో బొమ్మ గీసి,
స్కూటరు అమ్మి, కాకినాడ ప్లీడరు చేత అర్జీ పెట్టించాడు.
పద్నాలుగు నెలలకి జవాబు:
ఇది కొత్తది కాదు, ఎక్కడో చలిదేశంలో ఒకాయన
నువ్వు పుట్టకముందే రాయించుకున్నాడు.

"బాధేసిందా?"
"రెండ్రోజులు అన్నం సయించలేదు.
తరవాత అనిపించింది, ఆయనకీ ఓ సముద్రం ఉండుంటుంది.
ఓ రాత్రి ఎవరో తిరిగి రాక ఉండుంటారు."

రబ్బరు తొడుగు చివర వలదారం చుట్టి
రెండు ముడులేశాడు. పోగుల జోలికి పోలేదు.
"తెగినవి తెగినట్టే అమ్మా.
నీళ్లు ఆపగలను, వెలుతురు తేలేను."

మర్నాడు మొదటి పేరు ఓలేటి తిరపతి,
యాభై రెండేళ్లు, కడుపులో మంట.
గొంతుకి మొద్దుబారే మందు కొడుతుంటే చెప్పాడు,
గాలివాన ఏడాది మూడు పగళ్లు మూడు రాత్రులు
కొట్టుకుపోయిన బోటు తనదేనని.
ఇమ్మానుయేలు పెట్టె టక్కుమన్నప్పుడల్లా
లెక్కపెట్టుకుంటూ కూచున్నాడట.
నాలుగు వేలు దాటాక తప్పిపోయిందట.
"వింటున్నారో లేదో తెలీదు.
అది ఆగకపోతే చాలనుకున్నా."
ఒడ్డున ఒకడు ఏరియల్ దిక్కులకి తిప్పుకుంటూ విన్నాడు.
ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదట.

గొట్టం దిగింది. మంచు లేదు.
పాటుకి నీళ్లు తీసిన కాలవ అడుగులా ముడతలు,
ఓ మూల తెల్లగా పుండు,
దాని చుట్టూ నా చుక్కలు.
ముప్పై తొమ్మిది. కాదు, నలభై.
నా వేళ్లు ఆయన మణికట్టు మీద ఉన్నాయి,
ఆ లెక్కా నడుస్తోంది.

స్టాకు రిజిస్టరులో గొట్టం పేజీలో
"పేటెంటు నెం." అని ఒక గడి, ఎప్పుడూ ఖాళీ.
పెన్సిలుతో రాశాను:
గెడ్డం ఇమ్మానుయేలు, వలదారం, రెండు ముడులు.
తనిఖీకి వచ్చినవాళ్లెవరూ
ఇదేంటని ఇంకా అడగలేదు.